గూఢచారి పద్దు కింద సున్నా

ఒక చిన్న కూడికతో మొదలుపెడతాను. ఎనిమిది, పన్నెండు కలిపితే ఇరవై.

1899లో అమెరికా కాంగ్రెస్ హ్యారియట్ టబ్మన్‌కి నెలకి 20 డాలర్ల పెన్షన్ ఇస్తూ చట్టం చేసింది. ఆ అంకె ఊరికే రాలేదు. అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసిన నెల్సన్ డేవిస్ వితంతువుగా ఆమెకి అప్పటికే నెలకి 8 డాలర్లు వస్తున్నాయి. యుద్ధంలో నర్సులుగా పనిచేసిన స్త్రీలకి ఇచ్చే 12 డాలర్లు దానికి కలిపారు. 25 ఇద్దామని మొదట ప్రతిపాదన వచ్చింది. నర్సులకి అంతకన్నా ఎక్కువ ఇవ్వడం లేదు కదా అని సెనేట్ కమిటీ 20 దగ్గర ఆపేసింది. అంటే భార్య కింద ఎనిమిది, నర్సు కింద పన్నెండు. గూఢచారి కింద సున్నా.

ఆమె అడిగింది ఇది కాదు. 1898 నాటి అఫిడవిట్‌లో ఆమె తన బాకీ 1,800 డాలర్లని లెక్క చెప్పింది. మూడేళ్ళ పాటు ఆసుపత్రుల్లో నర్సుగా, వంటమనిషిగా, ఎనిమిది తొమ్మిది మంది స్కౌట్లకి కమాండర్‌గా చేసిన పనికి. స్కౌట్లంటే సైన్యం కంటే ముందు వెళ్ళి దారీ తెన్నూ, శత్రువు ఆనుపానులూ కనిపెట్టి వచ్చే వేగులవాళ్ళు. 1863 జూన్ 2న దక్షిణ కరోలినాలో కాంబహీ నది మీద కల్నల్ జేమ్స్ మాంట్‌గొమరీ పడవలు వెళ్ళాయంటే, ఆ నదిలో పేలుడు పదార్థాలు ఎక్కడ పెట్టారో, ఒడ్డున కాపలా ఎంతుందో ముందే తెలుసుకుని వచ్చింది ఆమె, ఆమె మనుషులు. ఆ ఒక్క రాత్రి 700 మందికి పైగా బానిసలు ఆ పడవలెక్కి బయటపడ్డారు.

ఈ పని చేస్తున్న రోజుల్లో ఆమె పొట్ట ఎలా పోసుకుంది? తనకి సైన్యం ఇచ్చే రేషన్ చూసి తోటి నల్లజాతి శరణార్థులు గొణుక్కుంటున్నారని రేషన్ వదులుకుంది. పగలంతా పనిచేసి రాత్రిళ్ళు పైలు, అల్లం రొట్టెలు, రూట్ బీరు తయారుచేసి అమ్మించుకుంది. ప్రభుత్వం చేతికిచ్చిన 200 డాలర్లతో విముక్తి పొందిన స్త్రీలు బట్టలుతికి సంపాదించుకునేందుకు ఒక షెడ్డు కట్టించింది.

ఇక నా గొడవకి వస్తాను. అమెరికా యుద్ధాల్లో పనిచేసిన గూఢచారిణుల గురించి మనవాళ్ళు రాసేవి, రీల్స్‌లో చెప్పేవి, మార్చి 8 దగ్గరపడగానే షేర్ చేసేవి కొన్నేళ్ళుగా చదువుతున్నాను. ఇంగ్లీషులో వచ్చే జాబితా వ్యాసాలు వాటికి మాతృక. వాటన్నిటిలో రెండే అచ్చులు. ఒకటి పాతది, మోహిని అచ్చు. అందగత్తె, సైనికాధికారి, మత్తు, రహస్యం. 1966లో ‘గూఢచారి 116’ వచ్చిననాటికే మనకి బాగా అలవాటైన వ్యవహారం. గూఢచారి అంటే మగవాడు, కథలో ఆడది ఉంటే వలలో వేసుకోవడానికో, వలలో పడటానికో. ఈ అచ్చుని ఇప్పుడు ఎవరూ సమర్థించరు. దాని మీద నేను కొత్తగా రాయాల్సిందీ లేదు.

రెండోది కొత్తది. ‘చరిత్ర మరిచిన వీరవనిత’ అచ్చు. దీన్ని తిడితే నన్నే అనుమానంగా చూస్తారు. ఎందుకంటే ఇది మంచి ఉద్దేశంతో పుట్టింది. స్త్రీల చరిత్రని తవ్వి తీస్తున్నామని దీన్ని రాసేవాళ్ళు నిజంగానే నమ్ముతారు. నా వాదన మాత్రం ఇది: ఈ రెండో అచ్చు ఆ స్త్రీలకి మొదటిదానంత అన్యాయమూ చేస్తోంది. పైగా ఆ పెన్షన్ లెక్క వేసిన ప్రభుత్వాన్ని చాలా తేలిగ్గా వదిలేస్తోంది.

నా ఉద్యోగంలోంచి ఒక మాట అరువు తెచ్చుకుంటాను. డేటాబేస్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే దాన్ని నల్ అంటాం. నల్ అంటే సున్నా కాదు. సున్నా ఒక విలువ. ‘లెక్కపెట్టాం, ఏమీ లేదు’ అని దాని అర్థం. నల్ అంటే ‘మా దగ్గర సమాచారం లేదు’ అని. ఈ రెంటికీ తేడా తెలియని కుర్రాడు రాసిన ప్రోగ్రాం జీతాల లెక్కలు ఎలా తగలేస్తుందో ఈ రంగంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. గూఢచారిణుల చరిత్రలో జరుగుతున్నది సరిగ్గా అదే. విలువ ఉన్న చోట ప్రభుత్వం సున్నా రాసింది. నల్ ఉన్న చోట మనం విలువ రాస్తున్నాం. రెండు తప్పుల వల్లా పాడయ్యేది ఒకటే లెక్క.

నల్ ఉన్న చోట విలువ రాయడానికి 355 కంటే మంచి ఉదాహరణ లేదు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జి వాషింగ్టన్ కోసం న్యూయార్క్‌లో పనిచేసిన గూఢచారుల ముఠా పేరు కల్పర్ రింగ్. వాళ్ళ కోసం బెంజమిన్ టాల్‌మడ్జ్ ఒక సంకేత నిఘంటువు తయారుచేశాడు. 711 అంటే వాషింగ్టన్. 727 అంటే న్యూయార్క్. 355 అంటే ‘లేడీ’. గమనించండి, అది ఏజెంట్ నంబర్ కాదు. ఫలానా మనిషి పేరు కాదు. మామూలు నామవాచకం, అంతే. 1779 ఆగస్టు 15న ఏబ్రహం వుడ్‌హల్ రాసిన ఉత్తరంలో తనకి తెలిసిన ఒక 355 సాయంతో అందరి కళ్ళూ కప్పగలనని ఒక్కసారి అన్నాడు. మనకి మిగిలింది ఆ ఒక్క వాక్యం.

ఆ వాక్యం మీద ఎంత పెద్ద మేడ కట్టారో చూడండి. 20వ శతాబ్దంలో మోర్టన్ పెన్నీపాకర్ అనే లాంగ్ ఐలాండ్ చరిత్రకారుడు ఆమెకి ఒక ప్రేమికుణ్ణి, కడుపులో బిడ్డని, ‘జెర్సీ’ అనే జైలు ఓడలో చావుని ఇచ్చాడు. వీటిలో దేనికీ ఆధారం లేదు. ఆ తర్వాత కామిక్స్ వచ్చాయి, టీవీ సీరియల్ వచ్చింది. 2022లో ‘ది 355’ అని ఐదుగురు తారలతో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. ‘పేరు తెలియని ఆ తొలి గూఢచారిణికి నివాళి’ అని మనవాళ్ళూ పోస్టులు పెట్టారు. నివాళి ఎవరికి? నిఘంటువులో ఒక పదానికి. పెన్నీపాకర్ కల్పించిన ప్రేమకథకి.

ఆ కల్పనలో కొత్త స్త్రీ ఎక్కడా లేదని కూడా గమనించాలి. ప్రేమించింది, గర్భవతయింది, చచ్చిపోయింది. ఖాళీ గడి నింపమంటే మన ఊహ ముందుగా అందుకునేది పాత నవలల్లోని ఆ డిఫాల్ట్ వాల్యూనే. వీరవనిత అని బోర్డు మార్చినా లోపల ఉన్నది మోహిని అచ్చే.

మేరీ బౌజర్ కథ ఇంకా బాధాకరం. ఎందుకంటే అక్కడ నిజమైన మనిషి ఒకామె ఉంది.

అందరికీ తెలిసిన కథ ఇలా సాగుతుంది. రిచ్మండ్ నగరంలో కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఇంట్లో మేరీ ఎలిజబెత్ బౌజర్ అనే నల్లజాతి పనిమనిషి ఉండేది. చదువు రానట్టు నటిస్తూ అతని బల్ల మీది కాగితాలన్నీ చదివేసేది. ఒక్కసారి చూస్తే అక్షరం పొల్లుపోకుండా గుర్తుండేది. పారిపోయే ముందు ఆ ఇంటికి నిప్పు పెట్టబోయింది. దీని పక్కన తప్పకుండా ఒక ఫొటో ఉంటుంది, కాస్త మసకగా, కెమెరాకేసి చూస్తున్న స్త్రీ.

ఆ ఫొటోలో ఉన్నది ఆమె కాదు. అది అదే పేరున్న మరో స్త్రీది, యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకి తీసింది. లోయిస్ లెవీన్ అనే రచయిత్రి 2013లోనే ఇది తేల్చి చెప్పింది. ‘మేరీ ఎలిజబెత్ బౌజర్’ అన్న పేరు కూడా 1911లో హార్పర్స్ పత్రికలో వచ్చిన వ్యాసం ద్వారా ప్రచారమైంది. అంటే యుద్ధం అయిపోయిన నలభై ఆరేళ్ళకి. ఈ లోపల కథ ఎంత బలపడిందంటే 1995లో అమెరికా సైన్యమే ఆ పేరుని తన మిలిటరీ ఇంటెలిజెన్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది.

మరి నిజమైన మనిషి? ఆమె పేరు మేరీ జేన్ రిచర్డ్స్. వాన్ లూ అనే శ్వేతజాతి కుటుంబంలో బానిసగా పుట్టింది. 1846లో రిచ్మండ్‌లోని సెయింట్ జాన్స్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు. పడవెక్కించి లైబీరియా పంపారు. అక్కడ నచ్చక తిరిగొచ్చింది. 1861లో పెళ్ళి చేసుకుంది. 1865లో న్యూయార్క్‌లో మారుపేర్లతో ఉపన్యాసాలిచ్చింది. ఉతికే బట్టల కోసమని డేవిస్ ఇంటికెళ్ళి, అతను లేనప్పుడు గదిలో సొరుగులు వెతికానని చెప్పింది. 1867లో జార్జియాలో విముక్తి పొందిన బానిసల కోసం ఒక్కతే బడి నడిపింది. ఆ రోజుల్లో ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధికారికి ఆమె రాసిన ఉత్తరాలు ఉన్నాయి. డిటెక్టివ్‌గా చాలాకాలం పనిచేసినందువల్ల చుట్టూ ఉన్న తెల్లవాళ్ళని ఇప్పటికీ పరీక్షగా చూసే అలవాటు పోలేదని ఒక ఉత్తరంలో రాసుకుంది.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. యుద్ధం అయిపోయింది, గెలిచాం అంటున్నారు. జార్జియాలో ఆ చిన్న ఊళ్ళో నల్లపిల్లలకి అక్షరాలు దిద్దిస్తున్న మనిషి ఇంకా డ్యూటీలోనే ఉంది, ఎప్పుడు ఏ తెల్లవాడు బడి తగలబెడతాడో అని చూస్తూ. ఏకసంథాగ్రాహి అనే మహిమ కంటే ఇది వంద రెట్లు పెద్ద కథ కాదా? మరి దీన్నెందుకు షేర్ చెయ్యం? ఎందుకంటే ఇందులో క్లైమాక్స్ లేదు. పైగా ‘మేరీ ఎలిజబెత్ బౌజర్’ అని వెతికితే ఈ ఉత్తరాలు కనపడవు, ఆ ఫొటో కనపడుతుంది. కట్టుకథ నిజం పక్కన నిలబడి ఊరుకోదు, నిజం కూర్చోవలసిన కుర్చీలో తను కూర్చుంటుంది.

ఇక్కడ మిత్రులు ఒక అభ్యంతరం చెప్తారని తెలుసు. దస్తావేజులు రాసింది బలవంతులు, బానిస స్త్రీల గురించి ఎవరు రాసిపెట్టారని ఆధారాలు అడుగుతావు, ఆధారం అడగడమే పెత్తనం కదా అని. బరువైన అభ్యంతరమే. సైదియా హార్ట్‌మన్ లాంటివాళ్ళు దస్తావేజుల మౌనం ముందు ఊహని ఒక పద్ధతిగా వాడారు. కానీ హార్ట్‌మన్ తన కాగితం ఎక్కడ అయిపోయిందో, ఊహ ఎక్కడ మొదలైందో పాఠకుడికి చెప్తుంది. ఆ గీతని దాచదు. వీరవనిత వ్యాసాలు చేసేది ఆ గీతని చెరిపెయ్యడం. నవల రాయండి, నాటకం రాయండి, నేనే కొనుక్కుని చదువుతాను. చరిత్ర అని పేరు పెట్టి నవల అమ్మకండి.

రెండో సంగతి, ‘ఆధారాలు లేవు’ అన్నది చాలాసార్లు అబద్ధం. వెతకలేదన్నదే నిజం. ఎడ్డా ఫీల్డ్స్-బ్లాక్ అనే చరిత్రకారిణి ‘కాంబీ’ అని 2024లో ఒక పుస్తకం వేసింది. 2025లో చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి పంచుకుంది. విషయం ఆ కాంబహీ నది దాడే. ఆ రాత్రి పడవలెక్కిన వందలమంది పేర్లు లేని గుంపుగా మిగిలిపోయారు కదా. ఆమె ఏం చేసిందంటే నల్లజాతి సైనికుల, వాళ్ళ వితంతువుల పెన్షన్ ఫైళ్ళు తిరగేసింది. పెన్షన్ కోసం వాళ్ళు ఎవరికి పుట్టారో, ఏ దొర పొలంలో పనిచేశారో, ఎవర్ని పెళ్ళాడారో సాక్షులతో సహా చెప్పుకోవలసి వచ్చింది. ప్రభుత్వం అనుమానంతో అడిగిన ప్రశ్నలే ఇప్పుడు వాళ్ళ పేర్లు తిరిగిచ్చాయి. పద్దుల పుస్తకాల్లో ఇంత ఉంది. దుమ్ములో కూర్చుని చదవాలి, అంతే. రీల్ చేసినంత సులువు కాదు.

మూడో సంగతి ఇంకా సున్నితమైనది. కొన్ని ఖాళీలు ఆ స్త్రీలే కావాలని వదిలినవి. రిచ్మండ్‌లో ఉత్తరాది పక్షాన పెద్ద గూఢచారి వ్యవస్థ నడిపిన ఎలిజబెత్ వాన్ లూ 1866 డిసెంబరులో తన రిపోర్టులన్నీ యుద్ధ శాఖ దగ్గర్నుంచి వెనక్కి తీసుకుని నాశనం చేసింది. శత్రువుల మధ్యే బతకాలి. తనతో పనిచేసినవాళ్ళ పేర్లు బయటపడితే వాళ్ళ ప్రాణానికి పూచీ లేదు. ఆ ఖాళీ ఆమె నిర్ణయం. అది ఆమె చేసిన ఆఖరి గూఢచారి పని అనొచ్చు. దాన్ని మనం ఊహలతో నింపితే ఆమెని గౌరవించినట్టా, ధిక్కరించినట్టా?

వాన్ లూకి లోకం అంటగట్టిన ఊహ ఏమిటో తెలుసా? పిచ్చిది అని. ‘క్రేజీ బెట్’. తల విరబోసుకుని, తనలో తను గొణుక్కుంటూ వీధుల్లో తిరిగేదనీ, అందుకే ఎవరూ అనుమానించలేదనీ కథ. ఈ పిచ్చి నటనకి యుద్ధకాలపు ఆధారం లేదని ఎలిజబెత్ వేరన్ 2003లో రాసిన జీవితచరిత్రలో వివరంగా చూపించింది. వాన్ లూని కాపాడింది పిచ్చి నటన కాదు, ఆమె వర్గం, హోదా, ధైర్యం. అధికారులకి డబ్బిచ్చింది. లిబీ జైల్లో ఖైదీలకి ఆహారం, పుస్తకాలు పంపింది. సంకేత భాష వాడింది. రైల్వే ఉద్యోగుల నుంచి బానిసల దాకా మనుషుల్ని గొలుసుకట్టుగా నిలబెట్టింది. దీన్ని మన భాషలో మేనేజ్‌మెంట్ అంటారు. అదే పని ఒక మగవాడు చేస్తే ‘వ్యూహకర్త’ అని రాసేవాళ్ళు. ఆడది చేసింది కాబట్టి పిచ్చి.

ఇక్కడా లెక్క చూడండి. ఆస్తంతా ఈ పనికే ఖర్చుపెట్టింది. ఆమెకి 15,000 డాలర్లు ఇవ్వాలని సైన్యపు గూఢచారి విభాగాన్ని నడిపిన జార్జి షార్ప్ సిఫార్సు చేశాడు. అందులో చాలా తక్కువే దక్కింది. గ్రాంట్ అధ్యక్షుడయ్యాక 1869లో రిచ్మండ్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం ఇచ్చాడు. 1877లో అదీ పోయింది. ఊరు వెలేసింది. 1900లో చనిపోయినప్పుడు సమాధి మీద రాయి పెట్టించింది కూడా మసాచుసెట్స్ నుంచి వచ్చిన కృతజ్ఞులే.

ఇప్పుడు అవతలి పక్షం చూద్దాం. బానిసత్వం నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాదికి పనిచేసిన ఇద్దరు శ్వేతజాతి స్త్రీలు, రోజ్ గ్రీన్‌హౌ, బెల్ బాయ్డ్. గ్రీన్‌హౌ 1863లో లండన్‌లో ఆత్మకథ వేసింది. బాయ్డ్ 1865లో వేసింది, తర్వాత వేదికలెక్కి తన సాహసాలు తనే అభినయించి డబ్బు చేసుకుంది. జాబితా వ్యాసాల్లో వీళ్ళిద్దరూ టబ్మన్ పక్కనే ఉంటారు, ఒకే వరసలో, ఒకే ‘ధైర్యవంతులు’ అన్న బిరుదుతో. బాయ్డ్ రహస్యాలని గడియారపు డొల్లలో పెట్టుకుని మోసుకెళ్ళింది ఎలైజా అనే ఆమె బానిస స్త్రీ. ప్రాణాపాయం ఎవరికి ఎక్కువ? పుస్తకం ఎవరికి వచ్చింది? యజమానురాలిని ‘సాహసి’ అనీ, సంచీ మోసిన మనిషిని ‘నమ్మకస్తురాలైన దాసి’ అనీ అనడం చరిత్ర కాదు. అది ఆ యజమానురాలి ఆత్మకథనే మళ్ళీ అచ్చువెయ్యడం.

‘స్త్రీ’ అన్న ఒక్క కాలమ్ మీద ఫిల్టర్ పెట్టి జాబితా లాగితే ఇదే జరుగుతుంది. ఎవరి కోసం చేసింది అన్న కాలమ్ ఎగిరిపోతుంది.

ఇది పాతకాలపు సమస్య అనుకోకండి. 2018లో జీనా హాస్పెల్‌ని సీఐఏ డైరెక్టర్‌గా ప్రతిపాదించారు. ఆ పదవిలో తొలి మహిళ. 2002లో థాయ్‌లాండ్‌లోని సీఐఏ రహస్య జైలుకి ఆమె అధిపతిగా ఉన్నప్పుడు ఒక ఖైదీని నీళ్ళతో ఊపిరాడకుండా చేసి హింసించారు. 2005లో అలాంటి వీడియో టేపుల్ని నాశనం చెయ్యమన్న ఆదేశాన్ని పైఅధికారి తరఫున ముసాయిదా రాసిందీ ఆమే. దీని గురించి సెనేటర్లు ప్రశ్నలు మొదలుపెట్టేసరికి, స్త్రీ సాధికారత అంటూనే ఈమెని వ్యతిరేకించేవాళ్ళు కపటులని వైట్‌హౌస్ ప్రతినిధి ట్వీట్ చేసింది. వీరవనిత అచ్చు చివరికి ఎవరి చేతిలో ఆయుధమైందో చూశారా? హింస గురించి అడగబోతే ‘తొలి మహిళ’ అని అడ్డం పెట్టారు.

దీనికి విరుగుడు స్త్రీల గురించి రాయడం మానెయ్యడం కాదు. ఆ సంస్థలో స్త్రీల అసలు లెక్క రాయడం. వర్జీనియా హాల్ ఉంది. ‘ఎ కాల్ టు స్పై’ సినిమా చూసినవాళ్ళకి గుర్తుంటుంది, రాధికా ఆప్టే నూర్ ఇనాయత్ ఖాన్‌గా వేసింది, అందులో కర్రకాలుతో నడిచే అమెరికన్. 1933లో టర్కీలో వేటకి వెళ్ళినప్పుడు జరిగిన ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. కాలు లేనివాళ్ళు దౌత్యాధికారులు కాకూడదని విదేశాంగ శాఖ గుమాస్తాగానే ఉంచింది. బ్రిటిష్ వాళ్ళ తరఫున లియోన్‌లో ప్రతిఘటన దళాలకి ఆధారమైంది. 1942 నవంబరులో ఆ కర్రకాలుతోనే పిరెనీస్ పర్వతాలు దాటింది. 1944లో అమెరికా ఓఎస్ఎస్ తరఫున ముసలమ్మ వేషంలో మళ్ళీ ఫ్రాన్స్‌లో దిగింది. 1945లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో ఆ పతకం వచ్చిన పౌర స్త్రీ ఆమె ఒక్కతే.

వ్యాసాలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి, పర్వతం దగ్గరో పతకం దగ్గరో. నేను చదవాలనుకునేది ఆ తర్వాతి కథ. ఆమె సీఐఏలో చేరింది. 1966లో 60 ఏళ్ళకి రిటైరయ్యేదాకా ఎక్కువకాలం బల్ల ముందు కూర్చోబెట్టారు. యుద్ధం చూడని మగవాళ్ళు పైన కూర్చున్నారు. ఆమె అనుభవం వాళ్ళకి చిన్నతనంగా ఉండేది కాబట్టే ఆమెని పక్కనపెట్టారని సీఐఏ వాళ్ళే తర్వాత రాసుకున్నారు. 1953లో ఆ సంస్థలో స్త్రీల స్థితి మీద ఒక కమిటీ వేశారు, దానికి ‘పెట్టీకోట్ ప్యానెల్’ అని ఎగతాళి పేరు. ఆ కమిటీ లెక్క ప్రకారం మగవాళ్ళ మధ్యస్థ గ్రేడు జీఎస్-9, స్త్రీలది జీఎస్-5. కమిటీ చెప్పినదాన్ని పైవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు.

ఈ గ్రేడుల సంగతి చదువుతుంటే నాకు దూరపు చరిత్రలా అనిపించలేదు. నేను పనిచేసిన టీముల్లో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచింది, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పింది, మీటింగుల్లో అందరూ మర్చిపోయిన విషయం గుర్తుపెట్టుకుంది చాలాసార్లు ఆడవాళ్ళే. అప్రైజల్లో వాళ్ళకి రాసే మాట ‘సపోర్టివ్’. మహిళా దినోత్సవం నాడు ఒక కప్ కేకు, ఒక ఫొటో. డిజిగ్నేషన్ మారదు. ‘గూఢచారి కింద సున్నా’ అన్న లెక్క ఎలా వేస్తారో అర్థం కావడానికి 1899 దాకా వెళ్ళక్కర్లేదు.

చివరిగా ఒక మాట వస్తుంది: ‘ఏదో ఒకలా పేరు తెలుస్తోంది కదా, అంత పట్టింపు దేనికి?’ పేరు తెలియడం వల్ల ఎవరికి లాభమో చూద్దాం. 2016లో 20 డాలర్ల నోటు మీద టబ్మన్ బొమ్మ వేస్తామని అమెరికా ఖజానా శాఖ ప్రకటించింది. 2019లో వాయిదా వేసింది. 2024 నవంబరులో మేరీలాండ్ నేషనల్ గార్డ్ ఆమెకి మరణానంతరం బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. ఆమె చనిపోయింది 1913లో. పోయిన మనిషికి జనరల్ జీతం ఇవ్వక్కర్లేదు. బతికున్న మనిషి 1,800 అడిగితే ముప్ఫై ఏళ్ళకి పైగా తిప్పి ఎనిమిదీ పన్నెండూ కూడారు. పొగడ్త ఖర్చులేని పని. అందుకే ప్రభుత్వాలు బాకీ తీర్చే బదులు బిరుదులిస్తాయి. ఆ పొగడ్తలో మనమూ గొంతు కలిపితే బాకీ మాఫీ పత్రం మీద సాక్షి సంతకం పెట్టినట్టే.

కాబట్టి ఇలాంటివి రాసేవాళ్ళని మూడు ప్రశ్నలకి జవాబు చెప్పమని అడుగుతున్నాను. ఈ విషయం ఏ కాగితంలో ఉంది? ఆమె ఎవరి పక్షాన పనిచేసింది? ఆ పనిని ఏ పద్దులో రాసి ఎంత ఇచ్చారు? మొదటి ప్రశ్నకి జవాబు లేకపోతే ‘తెలియదు’ అని రాయండి, పాఠకులు తట్టుకోగలరు. రెండోదానికి జవాబు ఇబ్బందిగా ఉంటే ఆ ఇబ్బందినే రాయండి. మూడోదానికి జవాబు దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది. పెన్షన్ ఫైళ్ళలో, జీతాల పట్టికల్లో, తిరస్కరించిన అర్జీల్లో. ఆ స్త్రీలు చదవడం రానివాళ్ళయినా ఇంకొకరి చేత రాయించి మరీ ఆ అర్జీలు పెట్టుకున్నారు. తమ గురించి వాళ్ళు చెప్పుకోదలచింది అక్కడ ఉంది. ముందు అది చదువుదాం.